కుక్క బొచ్చు కారు సీటును ఎందుకు వదలదు?

సీట్లు వాక్యూమ్ చేశాక, మ్యాట్లు తీసి విదిలించాక, ఇక చాల్లే అని డోర్ వేయబోతుంటే ఎండ ఏటవాలుగా లోపలికి పడుతుంది. అప్పుడు కనిపిస్తాయి. కోత కోసిన మడిలో కొయ్యకాళ్లలా, వెనక సీటు నిండా పొట్టి పొట్టి వెంట్రుకలు నిలబడి ఉంటాయి. అరచేత్తో తుడిస్తే పడుకుని మళ్లీ లేస్తాయి. గోటితో గీకితే వంగుతాయి తప్ప రావు. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో పట్టి లాగితే మాత్రం వస్తాయి. అలా లాగుతూ కూర్చుంటే ఒక సీటుకే పూట గడిచిపోతుంది.

దీనికి సలహాలు మాత్రం కావలసినన్ని. రబ్బరు గ్లవ్‌తో రుద్దమని ఒకరు, నీళ్లు చిలకరించమని ఒకరు, అసలు నీళ్లు తగలనివ్వొద్దని ఇంకొకరు, మడమలు రుద్దుకునే రాయిని మించింది లేదని మరొకరు చెబుతారు. నాకు తెలిసినంతవరకు వీళ్లెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి కారులో వాళ్లది నిజంగానే పనిచేసింది. కాకపోతే ఒకరి కుక్క బొచ్చు, ఒకరి సీటు గుడ్డ ఇంకొకరి కారులో ఉండవు. దుమ్మయితే గుడ్డ మీద ఊరికే వాలి ఉంటుంది, పీలిస్తే వచ్చేస్తుంది. బొచ్చు గుడ్డను పట్టుకుని ఉంటుంది. ఆ పట్టులో మూడు రకాలున్నాయి. ఏ పనిముట్టు ఏ పట్టును వదిలిస్తుందో తెలిస్తే, ఒకదానికొకటి పొసగని ఈ సలహాల్లో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

మొదటి పట్టు: వెంట్రుక తనే లోపలికి పాకుతుంది

కుక్క వెంట్రుక కూడా మన జుట్టులాగే కెరటిన్ అనే ప్రొటీన్. చేతికి నున్నగా తగులుతుంది కానీ, మైక్రోస్కోప్ కింద పెడితే దాని పైపొర పెంకుటింటి కప్పులా ఉంటుంది. సన్నని పొలుసులు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, వాటి అంచులన్నీ కొస వైపు తిరిగి ఉంటాయి.

ఈ విషయం వేళ్లతోనే పరీక్షించవచ్చు. పొడవాటి వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, దాని పొడవునా వేళ్లను ముందుకీ వెనక్కీ రుద్దుతూ ఉంటే, వేళ్లు రెండు వైపులా సమానంగానే కదులుతాయి. వెంట్రుక మాత్రం మెల్లగా ఒకవైపే పాకుతూ పోతుంది. ఎప్పుడూ కుదురే ముందు, కొస వెనక. పొలుసుల అంచులు వెనక్కి రాకుండా అడ్డుపడతాయి. వలకన్నులో తల దూర్చిన చేప ముందుకు పోగలదు కానీ వెనక్కి రాలేదు, ఇదీ అంతే.

సీటు మీద జరిగేదీ ఇదే రుద్దుడు. మనిషి కూర్చుంటాడు, లేస్తాడు, కారు కుదుపులకు ఊగుతాడు. కుక్క ఉన్నచోట ఉండదు, గుండ్రంగా తిరుగుతుంది, పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. ప్రతి కదలికకూ రాలిన వెంట్రుక గుడ్డలోకి మరికాస్త దిగుతుంది. గొర్రె ఉన్నిని తడిపి, నలిపి దళసరి ఫెల్ట్‌గా చేయడం కూడా ఈ గుణం ఆధారంగానే. అంటే కుక్కను ఎక్కించుకుని తిరిగే ప్రతి కారూ నెమ్మదిగా ఫెల్ట్ తయారుచేస్తోందన్నమాట. నిన్న పడిన బొచ్చు సులువుగా వస్తుంది, నెల కిందటిది మొండికేస్తుంది. కారణం ఇదే.

రెండోది కరెంటు, మూడోది జిడ్డు

రెండు వేరువేరు పదార్థాలు ఒకదానితో ఒకటి రాసుకుంటే ఒకదాని నుంచి రెండోదానికి ఎలక్ట్రాన్లు పోతాయి. వెంట్రుక వాటిని సులభంగా వదులుకుంటుంది, పాలిస్టర్ పట్టి ఉంచుకుంటుంది. ఒకటి ప్లస్, ఒకటి మైనస్ అయ్యాక రెండూ అతుక్కుంటాయి. స్వెటర్ విప్పేటప్పుడు చిటపటలాడించే స్టాటిక్ కరెంటే ఇది. కారు సీట్లలో ఎక్కువ భాగం పాలిస్టరే కాబట్టి ఇక్కడ దానికి మంచి అవకాశం.

గాలిలో తేమ ఉంటే ఈ కరెంటు నిలవదు, మెల్లగా కారిపోతుంది. పొడిగాలిలో నిలుస్తుంది. ఏసీ నడిచే కారులో గాలి పొడిగానే ఉంటుంది, ఎందుకంటే ఏసీ చల్లబరుస్తూనే తేమను నీటిచుక్కలుగా బయటికి పంపేస్తుంది. చలికాలంలో హీటర్ వేసినా అంతే, గాలి వేడెక్కిన కొద్దీ దాని సాపేక్ష తేమ తగ్గుతుంది. అదే కారు, అదే కుక్క అయినా వాన రోజున చేయి తిప్పితే వచ్చిన బొచ్చు పొడి రోజున వేలికే అంటుకుని సతాయిస్తుంది.

మూడో పట్టు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. కుక్క చర్మం నుంచి ఊరే నూనె, నోటి చొంగ, పాదాల తడి, మన చేతుల జిడ్డు. ఇవి ఎండి వెంట్రుకను గుడ్డకు పల్చటి జిగురులా అంటిస్తాయి. కిటికీ అంచున, కుక్క గడ్డం ఆనించే చోట ఇది ఎక్కువ.

పొడవాటి బొచ్చు కన్నా పొట్టి బొచ్చే మొండిది

బొచ్చు కుక్క అనగానే కారుకు గండమని, పొట్టి జుట్టు కుక్కయితే నయమని చాలామంది అనుకుంటారు. సీటు విషయంలో ఇది దాదాపు తలకిందులు.

చాలా జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన గట్టి వెంట్రుకలు నీటినీ మట్టినీ ఆపుతాయి. కింద దూదిలాంటి సన్నని పొర వేడినీ చలినీ ఆపుతుంది. జర్మన్ షెపర్డ్, హస్కీ, గోల్డెన్ రిట్రీవర్, పొమేరియన్ ఈ రకం. లాబ్రడార్ కూడా ఇదే రకం, పైకి పొట్టిగా కనిపిస్తుందంతే. పూడిల్, మాల్టీస్ లాంటివాటికి లోపలి పొర ఉండదు, వెంట్రుక మన తలవెంట్రుకలాగా చాలాకాలం పెరుగుతూనే ఉంటుంది, రాలేది తక్కువ.

లోపలి పొర దూది ఉండలు కట్టి సీటు మీద దొర్లుతుంది. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ నాలుగు వేళ్లతో ఏరితే వచ్చేస్తుంది. లాబ్రడార్, పగ్, బీగిల్, డాల్మేషియన్ పైవెంట్రుక అలా కాదు. పొట్టిగా, నిటారుగా, గట్టిగా సూదిలా ఉంటుంది. సూదిలాగే గుచ్చుకుంటుంది. పొడవాటిదైతే ఒక కొసైనా బయట వేలాడుతూ పట్టుకోడానికి దొరుకుతుంది, దీనికి ఆ వీలు కూడా లేదు.

రాలడానికీ ఒక లెక్కుంది. ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరిగి, కొంతకాలం ఊరికే ఉండి, తర్వాత రాలుతుంది. పగటి వెలుతురు పెరగడం, తగ్గడం చూసి శరీరం పాత బొచ్చు వదిలి కొత్తది వేసుకుంటుంది. రాత్రిళ్లు కూడా లైట్ల వెలుగులో ఇంట్లోనే ఉండే కుక్కకు ఆ లెక్క మసకబారుతుంది, సీజనంటూ లేకుండా ఏడాది పొడవునా కొద్దికొద్దిగా రాలుస్తుంది. దీనికి తోడు టెన్షన్. కారెక్కడమంటే భయపడే కుక్క దిగేసరికి మామూలు కన్నా ఎక్కువ బొచ్చు వదిలిపెట్టి పోతుంది. డాక్టర్ బల్ల మీద కుక్కను నిలబెట్టినవాళ్లకు ఈ సంగతి చెప్పక్కర్లేదు.

గుడ్డను బట్టి కథ మారుతుంది

లెదర్, రెక్సిన్ సీట్ల మీద దూరడానికి కన్నాలు లేవు. బొచ్చంతా పైనే ఉంటుంది, తడిగుడ్డ చాలు. అయితే అక్కడ నిలవలేక జారి కుట్ల గీతల్లో, సీటు మడతలో, గాలి ఆడటానికి పొడిచిన చిన్న రంధ్రాల్లో చేరుతుంది.

బిగువుగా నేసిన గుడ్డ సీటు మధ్యరకం. పోగుల మధ్య సందులున్నాయి కానీ లోతు తక్కువ. నూగు ఉన్న వెలోర్ రకంలో పోగులు నిలబడి ఉంటాయి, వెంట్రుక వాటి మధ్య నిలువుగా దిగి పోగులతో కలిసిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైనది డిక్కీలో, కాళ్ల దగ్గర పరిచే కార్పెట్. చాలా కార్లలో దాన్ని నేయరు. పాలిస్టర్ లేదా పాలీప్రొపిలీన్ పీచును పరిచి, ముళ్లున్న వేలాది సూదులతో మళ్లీ మళ్లీ పొడుస్తారు. సూది దిగినప్పుడల్లా కొన్ని పోగుల్ని పట్టుకుని కిందికి లాగి మిగతావాటితో పెనవేస్తుంది. చివరికి ఆ పెనుగులాటే గుడ్డగా నిలుస్తుంది. అంటే కార్పెట్టే ఒక చిక్కు, అందులోకి వచ్చిన కుక్క వెంట్రుక మరో పోగు. దాన్ని విడదీయమని అడగడమంటే చిక్కులోంచి ఒక్క పోగును మాత్రం లాగి మిగతావి కదలకూడదనడమే.

వాక్యూమ్ పవర్ పెంచితే చాలదా?

ఇక్కడే ఎక్కువమంది డబ్బు, ఓపిక రెండూ పోగొట్టుకుంటారు. వాక్యూమ్ క్లీనర్ డబ్బా మీద పెద్దగా వేసే సక్షన్ అంకె సాధారణంగా గొట్టం మూతిని పూర్తిగా మూసి కొలిచింది. ఆ క్షణంలో గాలి కదలిక సున్నా. వెంట్రుకను కదిలించేది మాత్రం పారే గాలి. మూతిని సీటుకు గట్టిగా అదిమితే గాలి ఆగిపోతుంది, మోటారు కీచుమంటుంది, బొచ్చు ఉన్నచోటే ఉంటుంది. మరీ పైకెత్తితే లాగే బలం చటుక్కున పడిపోతుంది. పైగా గుడ్డను ఆనుకుని ఉన్న పల్చటి గాలిపొర ఎప్పుడూ దాదాపు కదలకుండానే ఉంటుంది, పొట్టి వెంట్రుక సరిగ్గా ఆ పొరలోనే దాక్కుంటుంది.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. అంకెలు నేను పెట్టుకున్నవే, దారి అర్థం కావడానికి. సీటు మీద 1000 వెంట్రుకలున్నాయి, 600 పైన వాలి ఉన్నాయి, 400 లోపలికి దిగాయి. వాక్యూమ్ ఒకసారి తిప్పితే పైనున్నవాటిలో సగం వస్తాయి, దిగినవి ఒక్కటీ రావు. అయిదుసార్లు తిప్పితే పైన 600 కాస్తా 300, 150, 75, 38, 19 అవుతుంది. లోపలి 400 అలాగే ఉంటాయి. మిగిలింది 419.

ఇప్పుడు అయిదు పనులే, రెండు రకాలుగా. రబ్బరుతో రుద్దితే దిగినవాటిలో నాలుగింట మూడొంతులు పైకి తేలతాయనుకుందాం. మొదట రుద్దితే పైన 900, లోపల 100. వాక్యూమ్ చేస్తే పైన 450. మళ్లీ రుద్దితే పైన 525, లోపల 25. ఇంకో రెండుసార్లు వాక్యూమ్ చేస్తే పైన సుమారు 131 మిగులుతాయి, లోపలివి కలిపితే 156. శ్రమ అంతే, మిగిలిన బొచ్చు మొదటి పద్ధతిలో మిగిలినదానిలో సగం కూడా లేదు. నిజానికి ఇంకా తక్కువే ఉంటుంది, రుద్దినప్పుడు ఉండలు కట్టినదాన్ని చేత్తోనే తీసేస్తాం కదా.

అయితే వాక్యూమ్ పక్షం వాళ్లకూ ఒక న్యాయమైన జవాబుంది. మోటారుతో తిరిగే బ్రష్ ఉన్న మూతి వాడితే విడిపించడం, పీల్చడం రెండూ ఒకేసారి జరుగుతాయి. నిజమే. కాకపోతే సీటు వంపుల్లో ఆ బ్రష్ సరిగా ఆనదు, పొడవాటి బొచ్చయితే దానికే చుట్టుకుని ఆగిపోతుంది. చదునైన డిక్కీ కార్పెట్ మీద దాని సత్తా తెలుస్తుంది.

రబ్బరు, రాయి, టేపు ఏం చేస్తాయి

రబ్బరు గ్లవ్, అద్దాలు తుడిచే రబ్బరు వైపర్, రబ్బరు పళ్ల బ్రష్ అన్నీ ఒకే సూత్రం. రబ్బరు మెత్తగా ఉంటుంది కాబట్టి గుడ్డ ఎత్తుపల్లాల్లోకి ఒదుగుతుంది, జారదు కాబట్టి వెంట్రుకను పక్కకు ఈడుస్తుంది. ఈడ్చిన వెంట్రుకలు వాటి పొలుసులతో ఒకదాన్నొకటి పట్టుకుని వత్తిలా చుట్టుకుంటాయి. మనల్ని ఏడిపించిన గుణమే ఇక్కడ మన పక్షాన పనిచేస్తుంది. ఒకే దిక్కుకు, చిన్న చిన్న గీతలుగా లాగినప్పుడు ఆ వత్తి పెరుగుతూ పోవడం కళ్లకు కనిపిస్తుంది. ముందుకీ వెనక్కీ రుద్దితే చుట్టుకున్నది మళ్లీ విప్పుకుంటుంది.

లింట్ రోలర్, టేపు పైనున్నవాటికే. బయలుదేరే ముందు సీటు చూడ్డానికి బాగుండాలంటే అవి చాలు. లోపలికి దిగినదాని కొస మీద జిగురు పట్టు కన్నా గుడ్డ పట్టే ఎక్కువ.

మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయి మీద వాదన ఎక్కువ. అది అగ్నిపర్వతం కక్కిన నురుగు గడ్డకట్టిన రాయి, ఒళ్లంతా బుడగల కన్నాలు, వాటి అంచులు గాజులా పదును. ఆ అంచులు వెంట్రుకను కొక్కెంలా పట్టి లాగుతాయి. సూదులతో పొడిచిన కార్పెట్ మీద దానికి సాటి లేదని కార్ డీటెయిలింగ్ పని చేసేవాళ్లు అంటే అందులో అతిశయోక్తి లేదు. కానీ రాయికి వెంట్రుకకూ పోగుకూ తేడా తెలియదు. డిక్కీలో అద్భుతంగా పనిచేసిందన్న ఉత్సాహంతో నేను అదే రాయిని వెనక సీటు వెలోర్ మీద తిప్పాను. బొచ్చు వచ్చింది, దాంతోపాటు నూగూ లేచింది. అరచేయంత మేర పాత దుప్పటిలా ఉండలు కట్టింది, ఆ మచ్చ ఇప్పటికీ అలాగే ఉంది. కారు పైకప్పు లోపలి గుడ్డ ఇంకా సున్నితం. అది పల్చటి ఫోమ్‌కు జిగురుతో అతికించినది, గట్టిగా రుద్దినా, బాగా తడిపినా ఊడి వేలాడుతుంది.

నీళ్లు మేలా, కీడా?

రెండు పక్షాలూ నిజమే చెబుతున్నాయి, తేడా మోతాదులో ఉంది. మంచులా పల్చగా చిలకరిస్తే స్టాటిక్ కరెంటు పోతుంది, వెంట్రుకలు బరువెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి, రబ్బరుకు సులువుగా చిక్కుతాయి. అదే నీరు ఎక్కువైతే తడి వెంట్రుక తడి గుడ్డకు ప్లాస్టర్‌లా అతుక్కుంటుంది. స్నానం చేశాక వీపుకు అంటుకున్న వెంట్రుకను తుడవబోతే ఏమవుతుందో తెలిసిందే. సీటు ఫోమ్ నీరు తాగితే ఆరడానికి రోజులు పడుతుంది, కంపు, బూజు పట్టుకుంటాయి. చాలా కార్లలో సీటు కింద, పక్కన ఎయిర్‌బ్యాగ్ వైర్లు, మనిషి కూర్చున్నాడా లేదా అని చూసే సెన్సర్లు ఉంటాయి కాబట్టి అక్కడ నీళ్లు పోయడం మరీ పనికిరాదు.

నీళ్లలో బట్టలకు వాడే ఫ్యాబ్రిక్ కండిషనర్ కొద్దిగా కలపమనే చిట్కా కూడా ఉంది. పనిచేసే కారణం స్పష్టమే. అందులో ప్లస్ చార్జి ఉన్న జిడ్డు అణువులుంటాయి, అవి పోగుల మీద పల్చటి పొరలా పరుచుకుని కరెంటును నిలవనివ్వవు, జారుడునూ పెంచుతాయి. అభ్యంతరం చెప్పేవాళ్లకూ కారణముంది. ఆ పొర సీటు మీదే ఉండిపోతుంది, దుమ్మును పట్టుకుంటుంది. అదే రకం రసాయనాలు మోతాదు మించితే పెంపుడు జంతువుల నోటినీ నాలుకనూ పుండు చేయగలవు. సీటు నాకే అలవాటున్న కుక్కయితే నా మొగ్గు వట్టి నీళ్ల వైపే.

కంటికి కనిపించని చోట్లు

సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు, సీట్ బెల్ట్ బకిల్ సందు, గేర్ పక్కన ఇరుకు, ఇవన్నీ బొచ్చుకు గూళ్లు. మ్యాట్ కదలకుండా కింద పెట్టే వెల్క్రో ముక్కలను మాత్రం మించినవి లేవు. దాని వెనక ఒక కథ ఉంది. 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విస్ ఇంజినీరు కుక్కను వెంటబెట్టుకుని తిరిగొచ్చాక, దాని బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను మైక్రోస్కోప్‌లో చూస్తే సన్నని కొక్కేలు కనిపించాయి. ఆ ఆలోచన వెల్క్రోగా మారి 1955లో పేటెంట్ అయింది. కుక్క బొచ్చును చూసి పుట్టిన వస్తువు ఇప్పటికీ కుక్క బొచ్చునే వెతికి పట్టుకుంటోంది. పట్టకారు లేకుండా వదలదు.

ఏసీ లోపలి గాలినే తిప్పేటప్పుడు తేలికపాటి వెంట్రుకలను కూడా లాక్కుంటుంది. చాలా కార్లలో ఆ గాలి క్యాబిన్ ఫిల్టర్ గుండా పోతుంది కాబట్టి బొచ్చు అక్కడ మేట వేస్తుంది. ఫ్యాన్ శబ్దం పెరిగి గాలి తగ్గితే చూడాల్సిన చోట్లలో అదొకటి.

బొచ్చు పోయినా తుమ్ములు ఎందుకు పోవు?

కారు తళతళలాడుతున్నా అలర్జీ ఉన్నవాళ్లు ఎక్కగానే తుమ్ముతారు. ఎందుకంటే అలర్జీ కలిగించేది వెంట్రుక కాదు. కుక్క లాలాజలంలో, చర్మం నుంచి రాలే పొట్టులో ఉండే ప్రొటీన్లు. వాటిలో ముఖ్యమైనదాన్ని క్యాన్ ఎఫ్ 1 అంటారు. వెంట్రుక వాటిని మోసుకొచ్చే బండి మాత్రమే. ఆ పొట్టు గాలిలో తేలేంత సన్నం, గుడ్డలో చాలాకాలం ఉంటుంది, కుక్క ఎప్పుడూ ఎక్కని కారులోకి కూడా మన బట్టల మీద చేరుతుంది. మామూలు వాక్యూమ్ దాన్ని ఒకవైపు పీల్చి ఇంకోవైపు గాలిలోకి వదలవచ్చు. 0.3 మైక్రాన్ల కణాలను 99.97 శాతం ఆపాలనే హెపా ఫిల్టర్ ప్రమాణం ఇక్కడ ఉపయోగపడుతుంది. బొచ్చు రాలని జాతిని తెచ్చుకుంటే అలర్జీ ఉండదన్న నమ్మకానికీ గట్టి ఆధారం లేదు. అమెరికాలో ఇళ్ల దుమ్మును పరీక్షించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అలాంటి జాతులున్న ఇళ్లకూ మిగతా కుక్కలున్న ఇళ్లకూ ఈ ప్రొటీన్ విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

గుండు కొట్టిస్తే సరిపోతుందా?

రెండు పొరల బొచ్చున్న కుక్కకు మొత్తం గొరిగించడం సీటును కాపాడుతుందనేది మరో ఆశ. రాలే వెంట్రుకల సంఖ్య తగ్గదు, పొడవే తగ్గుతుంది. పైన చూసినట్టు గుడ్డలో గుచ్చుకునేవి పొట్టివే. పైగా ఎండ నుంచి చర్మాన్ని కాపాడే పొర పోతుంది, కొన్ని కుక్కలకు బొచ్చు మళ్లీ మునుపటిలా రాదు కూడా. ప్రయాణానికి ముందు దువ్వడం చిన్నపనే కానీ దాని లెక్క వేరు. ఊడటానికి సిద్ధంగా ఉన్న వెంట్రుక కారులోకి రాకముందే దువ్వెనలో చిక్కుతుంది.

సీటు మీద వేసే కవర్ల విషయంలో మెత్తటివి కుక్కకు హాయి, నున్నటివి మనకు హాయి. నున్నటి కవర్ బొచ్చును దిగనివ్వదు, అందుకే దులిపితే పోతుంది. కానీ ఏమీ పట్టి ఉంచదు కాబట్టి, తీసేటప్పుడు ఒక మూల ముందు ఎత్తితే నెల రోజులుగా పోగైనదంతా జారి సరిగ్గా సీటు మడతలోకే పోతుంది.